గవరమ్మ చోటు

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందట అని అడగకండి. ఏటికి వంతెన పడని రోజులు. నూనె ఇంకా డబ్బాల్లోకి ఎక్కని రోజులు. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్లు పడుకోండి. కథ ఎవరి కోసమూ ఆగదు.

ఏటి ఒడ్డున బానలపేట అని ఒక కుమ్మరిపేట. ఇరవై గడపలు, ఇరవై సారెలు, ఒక్కటే ఆవం. ఎవరింట్లో వాళ్లు సారె తిప్పి కుండలు చేసుకుంటారు. కాల్చేది మాత్రం అందరూ కలిసి ఆ ఒక్క ఆవంలోనే. ఆవంలో ఇంటికొక వరస. ఎవరి వరస ఎక్కడో ఆవం పెద్ద చెప్తాడు. పేర్చేదీ అతనే, చల్లారాక విప్పేదీ అతనే.

ఆ పేటలో ఒక మాట ఉండేది. పిల్లలకు ఉగ్గుతోపాటు పోసేవారు దాన్ని. సారె మీద పుట్టిందే కుండ, గుండ్రంగా ఉంటేనే కుండ.

గవరమ్మ ఆ పేట కోడలు. ఆమె మొగుడు గురవయ్య ఆవం పెద్దగా ఉండి, ఒక వానాకాలం జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. ఆడది సారె ముట్టుకుంటే ఆవంలో కుండలన్నీ పగులుతాయని అక్కడి నమ్మకం. అందుకని గురవయ్య సారె, గురవయ్య వరస, గురవయ్య పెద్దరికం మూడూ అతని తమ్ముడు సూరప్పకు వెళ్లాయి. గవరమ్మకు మట్టి తొక్కే పని మిగిలింది. ఇరవై గడపల మట్టీ ఆమే తొక్కేది. మోకాళ్ల దాకా మట్టి, నెత్తిన తట్ట. అదీ ఆమె బతుకు.

ఇక సూరప్ప. పనిమంతుడు, కాదనలేం. అతని కుండను వేలి కణుపుతో కొడితే కంచులా మోగేది. కానీ ఒక జబ్బుండేది. సంతలో ఇంకొకరి కుండను ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు. అన్న బతికున్నన్నాళ్లూ అన్నను చూసి కుళ్లుకున్నాడు. అన్న పోయాక కుళ్లుకోవడానికి పేటలో ఎవరూ లేకపోయారు. అన్న పోయిన ఈ రెండేళ్లలో కాస్త ఒళ్లు చేశాడు కూడా.

అలా ఉండగా లింగన్న సెట్టి వచ్చాడు. నూనె వ్యాపారి. ఏటా బానలపేట కుండల్లో నూనె నింపి, గడ్డిలో పొదిగి, కనుమ దాటించి బళ్ల మీద తోలుకుపోయేవాడు. పేటలో సగం కుండలు అతనే కొనేవాడు. ఆ ఏడు వచ్చి అరుగు మీద కూర్చుని, కనుమ దారిలో మూడు కుండలకొకటి పగిలిపోతోందని చెప్పాడు. మీ కుండలు బండి ఎక్కితే చాలు పొట్టేళ్లలా ఢీకొంటున్నాయన్నాడు. వచ్చే ఏడు నుంచి తోలు సిద్దెలు కొనుక్కుంటానన్నాడు. సిద్దె అంటే తోలు సంచే, మెత్తన, పడినా పగలదు.

పేట పేటంతా అరుగు చుట్టూ చేరింది. ఒకరు కుండ మందంగా చేద్దామన్నారు. ఒకరు గడ్డి ఎక్కువ వెయ్యమన్నారు. సూరప్ప తప్పంతా బండి తోలేవాడిదని తేల్చేశాడు.

పక్కన గుంటలో మట్టి తొక్కుతున్న గవరమ్మ కాళ్లు ఆపింది.

"సెట్టిగారూ, మీరు ఇటుకలు తోలినప్పుడు ఇటుకలు ఢీకొన్నాయా?"

"ఇటుకలెందుకు ఢీకొంటాయమ్మా, ఒకదాన్నానుకుని ఒకటి కూర్చుంటాయి."

"మరి కుండను అలా కూర్చోబెట్టలేమా? గుండ్రానికి గుండ్రం ఆనితే ఒక్క చుక్క దగ్గరే ఆనుతుంది. దెబ్బంతా ఆ చుక్కకే. పలకకు పలక ఆనితే దెబ్బ పంచుకుంటాయి."

అందరూ నవ్వారు. సూరప్ప అందరికన్నా గట్టిగా నవ్వాడు. "నూనె ఇటుకలో పోస్తావా వదినా?" అన్నాడు. సారె మీద పలకల కుండ ఎలా పుడుతుందో చూపించమన్నాడు.

"సారె మీద పుట్టదు. సారె మీకుంది కాబట్టి మీకు గుండ్రమే తోస్తుంది. నాకు సారె లేదుగా."

నవ్వనివాడు సెట్టి ఒక్కడే. చేసి చూపిస్తే చూస్తానన్నాడు. ఆ ఒక్క మాటతో సూరప్ప కడుపులో ఇసుకరేణువంత గరుకు మొదలైంది. పదేళ్లుగా కొంటున్న సెట్టి తన కుండను చూసి "చూస్తాను" అనలేదు, బండిలో వేసుకుని పోయాడంతే.

అయితే ఆవంలో గవరమ్మకు వరస లేదు. వరస లేనిది ఎక్కడ కాలుస్తుంది? ఆ మాటే అన్నాడు సూరప్ప.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆవానికి మంట వేసే మూతి ఉంటుంది. దాని దగ్గర ఎవరూ కుండలు పెట్టరు. మంట నేరుగా నాకుతుంది, పెట్టినవి పెట్టినట్టు పగులుతాయి. వెనక వరసలకు కాపుగా అక్కడ పాత పెంకులు పేరుస్తారు.

"ఆ పెంకులు పెట్టే చోటు నాకియ్యి మరిదీ," అంది గవరమ్మ. "నిలిస్తే కుండ. పగిలితే పెంకు. పెంకులు ఎలాగూ కావాలిగా నీకు."

సెట్టి ముందు, పేట ముందు సూరప్ప కాదనలేకపోయాడు. అందుకని ఒక కట్టడి పెట్టాడు. ఆవం మూడుసార్లు కాల్చేదాకా, మూడు వాయిలు చూద్దాం. మూడింటిలో ఒక్క కుండా నిలవకపోతే వదిన మళ్లీ మట్టికి రూపం చెయ్యకూడదు, చచ్చేదాకా తొక్కడమే. గవరమ్మ సరేనంది. పక్షానికొక వాయి. మూడో వాయి నాటికి సెట్టి బళ్లు కనుమ ఎక్కాలి. అప్పటికి తేలకపోతే సిద్దెలే.

మొదటి వాయికి గవరమ్మ మూడు కుండలు చేసింది. చేత్తో పలకలు వత్తి, పలకకు పలక అతికించి, నాలుగు మూలలూ కత్తిలా తీర్చింది. ఆవం కాలింది, ఆవం చల్లారింది, ఆవం విప్పారు. మూడూ పగిలాయి. మూలల దగ్గరే పగిలాయి. సూరప్ప ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. గవరమ్మ పెంకులు తట్టకెత్తుకుంది. ఒకటి దాచుకుని మిగతావి రోట్లో వేసి దంచింది.

రెండో వాయికి మూలలు మోకాలి చిప్పలా గుండ్రం చేసింది. ఆవం కాలింది, ఆవం చల్లారింది, ఆవం విప్పారు. రెండు పగిలాయి. మూడోదానికి పక్క గోడ ఒక్కటే నెర్రె ఇచ్చింది. సూరప్ప దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఎంత దగ్గరకొచ్చిందో అతనికి తెలిసినంత పేటలో ఎవరికీ తెలీదు. పనిమంతుడు కదా. కడుపులో ఇసుకరేణువు ముల్లయింది. గవరమ్మ మళ్లీ ఒక పెంకు దాచుకుని మిగతావి దంచింది. మొదటి వాయి పొడీ రెండో వాయి పొడీ కలిపి మట్టిలో వేసి తొక్కింది. కాలిన మట్టి పచ్చిమట్టికి వెన్ను పట్టి నిలబెడుతుందని ఆమెకు తోచింది. తోచడమేమిటి, ఏళ్ల తరబడి కాళ్లతో మట్టిని చదివిన మనిషి.

సూరప్పకు తిండి తగ్గింది. సారె దగ్గర కూర్చుని తిప్పడం మర్చిపోయేవాడు. అతని పెళ్లాం ముత్యాలుకు ఒళ్లు మండింది. ముత్యాలుది ఇంకో రకం కుళ్లు. తను వండిన పులుసు ఎలా ఉందో చెప్పడు, కొత్త చీర కట్టినా చూడడు, ఇరవై నాలుగు గంటలూ ఆ మట్టి తొక్కేదాని కుండ మీదే ధ్యాస. ఏటి దగ్గర నీళ్లు ముంచుతూ ఆ మాట అమ్మలక్కలతో అనేసింది కూడా. నా మొగుడు నా మొహం చూసి ఎన్నాళ్లయిందో దాని కుండ కెరుక, అంది.

మూడో వాయి కాలింది, చల్లారింది. విప్పాల్సిన రోజు తెల్లారింది. పేట ఇంకా పళ్లు తోముకుంటుండగా సూరప్ప ఒక్కడే ఆవం దగ్గరకు వెళ్లాడు. మూతి దగ్గరి బూడిద తోశాడు. రెండు కుండలు పగిలి ఉన్నాయి.

మూడోది నిలిచింది.

బయటికి తీశాడు. నాలుగు పలకలు, నాలుగు మెత్తని మూలలు, నిప్పు నాకి నాకి ఎర్రగా తేలిన ఒళ్లు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేలి కణుపుతో కొట్టాడు. మోగింది. కంచులా కాదు, ఇంకాస్త లోతుగా, బావిలోంచి ఎవరో పలికినట్టు. తన కుండల్లో ఒక్కటీ అలా పలకలేదు. ముల్లు నిప్పుకణిక అయింది. కుండలు తట్టే చెక్క తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు. పెంకులన్నీ ఏరి ఆవం మూతిలో ఎక్కడివక్కడ పెట్టి, పైన బూడిద చల్లి, ఏటికి పోయి కాళ్లు కడుక్కున్నాడు.

ఎండెక్కాక అందరూ వచ్చారు. సెట్టీ వచ్చాడు. ఆవం విప్పారు.

"మూడూ పోయాయి వదినా," అన్నాడు సూరప్ప. "మాటంటే మాటే."

గవరమ్మ ఏడవలేదు. పెంకులు తట్టకెత్తుకుని ఇంటికి పోయింది. సెట్టి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బళ్లు కట్టమన్నాడు. పేట మగవాళ్లంతా తలలు వేలాడేసుకుని ఆవం చుట్టూ నిలబడ్డారు. సగం కుండలు కొనే మనిషి పోతున్నాడు మరి.

గవరమ్మ అలవాటు కొద్దీ దంచడానికి కూర్చుంది. ఒక పెంకు చేతికి తీసుకుంది. ఇంకో పెంకు తీసుకుంది. రోకలి పక్కన పెట్టింది.

ఎద్దుల మెడ మీద కాడి పడేలోపు ఆమె వచ్చి ఆవం ముందు మూడు పెంకులు పెట్టింది. మొదటి వాయిది ఒకటి, రెండో వాయిది ఒకటి, ఆ రోజుది ఒకటి. అంచులు పైకి పెట్టింది.

ఇది కుమ్మరి కాని వాళ్ల కోసం చెప్తున్నాను. నిప్పులో పగిలిన పెంకుకు అంచు కూడా నిప్పు తింటుంది, పొగ తింటుంది. నల్లగా ఉంటుంది. చల్లారాక పగిలిన పెంకుకు అంచు కొత్తగా, కోసిన గుమ్మడికాయలా శుభ్రంగా ఉంటుంది. ఇది బానలపేటలో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. సూరప్పకు తెలీదా? తెలుసు. కానీ ఆ వేళ అతనికి కుండ తప్ప పెంకు కనపడలేదు. పెంకుల్ని చూసుకునే పని ఎప్పుడూ అతనిది కాదు, తట్ట మోసేదానిది.

మొదటి అంచు నలుపు. రెండో అంచు నలుపు. మూడో అంచు శుభ్రం.

అందరూ వంగి చూశారు. చివరికి సూరప్పే అన్నాడు.

"తీసేటప్పుడు చెయ్యి జారి ఉంటుంది."

"అయితే నిలిచిందన్నమాట," అంది గవరమ్మ.

సూరప్ప ఆవం వైపు తిరిగి బూడిద కెలికాడు.

"జారిందో, కొట్టిందో, అది నీకూ నీ చేతికీ మధ్య సంగతి మరిదీ. నాకు కావలసింది ఒక్కటే. నిలిచిందా లేదా? నిలవలేదనుకుంటే నేను మట్టి మారుస్తాను. మూలలు మారుస్తాను. సరైనదాన్ని పారేసి తప్పుదాని వెంట పోతాను. నువ్వు కుండ పగలగొడితే ఒక కుండే పోతుంది. అబద్ధం చెప్తే దారే పోతుంది."

అప్పటికైనా అది చెయ్యి జారడం కిందే మిగిలిపోయేదేమో. ముత్యాలు ఊరుకుంటేగా. పొద్దున మొగుడికి తాగడానికి తరవాణి ముంత పట్టుకొచ్చి, గడ్డివామి చాటు నుంచి అంతా చూసి, మాటాడకుండా ముంతతో వెనక్కి పోయిన మనిషి. ఇంతసేపూ బిగబట్టుకుంది.

"చెయ్యి జారిందంట," అంది. "ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా కడుపున పుట్టినవాళ్లనైనా అంతసేపు ఎత్తుకోలేదు. నిమురుతాడు, కొడతాడు, చెవి పెట్టి వింటాడు. నేను తరవాణి పట్టుకుని వెనకే నిలబడ్డాను, తిరిగి చూడడే. ఆ తర్వాతే కదా చెక్క తీసుకున్నాడు. పగలగొట్టినందుకు కాదు నా బాధ. అంత ముద్దు చేసినందుకు."

నవ్వాలో వద్దో తెలీక పేటంతా నేల చూసింది. అదీ సంగతి. కుళ్లే కుండ పగలగొట్టింది, కుళ్లే నిజం చెప్పింది. న్యాయం కోసం ఆ వేళ అక్కడ నోరు తెరిచినవాళ్లు ఎవరూ లేరు.

సెట్టి బళ్లు కట్టొద్దన్నాడు. ఇంకొక్క వాయి చూస్తానన్నాడు. అన్నాళ్లూ అతనికీ అతని ఎద్దులకూ పేటే మేత పెట్టింది. ఆవం పేట పెద్దల ఎదుట తప్ప ఎవరూ విప్పకూడదని కట్టడి చేశారు. ఆ వాయిలో గవరమ్మవి మూడింటికి రెండు నిలిచాయి. సెట్టి వాటిలో నూనె పోయించి, పక్కపక్కన ఆనించి, బండిని కనుమ ఎక్కించి దింపించాడు. కుండలు పగల్లేదు. కానీ బండి అడుగంతా జిడ్డు. చేత్తో చేసిన మూతి వంకర పోయింది, బిరడా కూర్చోలేదు, నూనె కారింది.

గవరమ్మ నేరుగా సూరప్ప పెరట్లోకి వెళ్లింది. అతను సారె ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెద్దరికం పోలేదు గానీ పేటలో ఎవరూ అతన్ని పలకరించడం లేదు.

"ఒళ్లు నాది. మూతి నువ్వు చెయ్యాలి," అంది. "మూతి గుండ్రంగా ఉండాలి. నాకు గుండ్రం రాదు."

"ఇదిగో సారె. ముట్టుకో. ఇప్పుడు నిన్ను ఎవరు ఆపుతారు?"

"ముట్టుకోను. నీది ముప్పై ఏళ్ల చెయ్యి. ఇప్పుడు నేను మొదలుపెడితే నీ మూతిని చూసి నేను కుళ్లుకు చావాలి. ఈ పేటకు ఒకడు చాలు."

సూరప్ప నవ్వలేదు. కుండ కొనేవాడు ముందు ఏం చూస్తాడని అడిగాడు.

"మూతే," అంది గవరమ్మ. ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో ఆమెకు తెలుసు.

సూరప్ప సారె తిప్పాడు. అలాంటి మూతులు మళ్లీ ఎవరూ చెయ్యలేదంటారు. పలకల ఒళ్లు, గుండ్రని మూతి. మరుసటి ఏడు సెట్టి వెనక ఇంకో ముగ్గురు సెట్లు వచ్చారు. సిద్దెల ఊసు ఎవరూ ఎత్తలేదు.

పెద్దలు గవరమ్మకు ఆవంలో వరస ఇస్తామన్నారు. తీసుకుంది. వద్దనడానికి ఆమె పిచ్చిదేం కాదు. కానీ ఆవం మూతి దగ్గరి చోటు కూడా అలాగే ఉంచమంది. తన కోసం కాదు, ఎవరికైనా. మట్టి తొక్కేవాళ్లకు, బూడిద ఎత్తేవాళ్లకు, నిన్న కాపురానికొచ్చిన కోడలికి. ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు, ఎవరిదని ఎవరూ అడగకూడదు. వరసలో నిలిచేవే పెడతాం, పగిలేవి పెట్టుకోడానికి కూడా ఒక చోటుండాలి అంది. పేట ఒప్పుకుంది.

సూరప్ప మారాడా అని అడుగుతారు పిల్లలు. మారలేదు. ఎవరైనా కుండ ఒళ్లు మెచ్చుకుంటే మూతి తనదని చెప్పేదాకా నిద్రపట్టేది కాదు. గవరమ్మ జుట్టు నెరిసింది, నడుం వంగింది, ఒక ఎండాకాలం పోయింది.

కొడుకులు లేని మనిషికి మరిదే కర్మ చెయ్యాలి. కాటికి కుండ కావాలి. సూరప్ప ఇంట్లోంచి ఒక కుండ తెచ్చాడు. పలకల కుండ. గవరమ్మది కాదు. మూలలు ఒకలా లేవు, ఒక పక్క కాస్త ఉబ్బింది. అది సూరప్ప చేసింది. ఎన్నేళ్ల నుంచో సారె లేకుండా చేత్తో చేసి, ఆవం మూతి దగ్గర పెడుతున్నాడు. ఎవరిదని ఎవరూ అడగరు కదా. వాయి వాయికీ పగిలింది. నిలిచింది ఈ ఒక్కటే. ఎవరికీ చూపించలేదు. ఆమె చేసినంత బాగా లేదుగా, అదీ కారణం.

కుండలో నీళ్లు పోసి భుజాన పెట్టుకున్నాడు. చితి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చుట్టుకొక చిల్లు పెట్టారు. మూడో చుట్టు అయ్యాక వెనక్కి చూడకుండా కుండ వదిలెయ్యాలి. వదిలేశాడు. దబ్బుమని చప్పుడైంది గానీ పెంకుల చప్పుడు కాలేదు.

వెనక్కి తిరిగి చూడకూడదు. చూశాడు.

మూడు చిల్లులు పడిన కుండ నేల మీద చదునుగా కూర్చుని ఉంది. పగల్లేదు.

అంత చితి పెట్టుకుని ఎవరూ అనలేదు గానీ, పేట మగవాళ్లంతా చూశారు. సూరప్ప పలకల కుండ మంచి కుండ. అయితే పగలకపోతే కర్మ తీరదు. ఎవరు పగలగొట్టాలి? అతనే వంగి రాయి అందుకున్నాడు. ఆమె వల్ల కుండ పగలగొట్టడం ఇది రెండోసారి. ఈసారి పట్టపగలు, అందరి ముందు. పెంకు ఒకటి తీసి అంచు పైకి పెట్టి చుట్టూ చూపించాడు. శుభ్రంగా ఉంది. "నిలిచింది," అన్నాడు. "నేనే పగలగొట్టాను." ఆ తర్వాత చితికి నిప్పు పెట్టాడు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున ఏ ఆవం పేర్చినా మూతి దగ్గర మూడు జానల చోటు వదులుతారు. దాన్ని గవరమ్మ చోటు అంటారు. అందులో ఏముందో, ఎవరిదో అడిగినవాడికి ఆ పూట అన్నం పెట్టరు. విప్పాక ముందు పెంకు అంచు చూస్తారు, ఆ తర్వాతే నోరు విప్పుతారు. ఎవరైనా కొత్త పని మొదలుపెట్టడానికి జంకితే ఆ పేట ఆడవాళ్లు "నిలిస్తే కుండ, పగిలితే పెంకు" అంటారు. ఇంకొకరి పని చూసి అది కుదరదు, అది అయ్యేది కాదు అని ఎవరైనా మరీ గట్టిగా చెప్తే, చెయ్యి చాపి ఒక్క మాటే అడుగుతారు.

"ఏదీ, అంచు చూపించు."